చింతగింజల మూటతో బీజాపూర్‌కు

నేను బీజాపూర్ పోయింది ఊరు చూడనీకి కాదు. ఒక కాగితం మీద సంతకం పెట్టనని చెప్పనీకి పోయిన. ఆ ఒక్క మాట చెప్పాలన్నా నాలుగున్నర గంటలు బస్సుల కూర్చోవాలె, మా దిక్కు అట్లున్నది.

మాది తెలంగాణ హద్దు అవతల బీజాపూర్ జిల్లా, పామేడు దగ్గర పల్లె. హాస్టల్ల యాభై మంది పిల్లలకు వంట చేస్త. మొన్నటిదాక నేనూ ముత్తక్కా ఇద్దరం చేసేటోళ్లం. ముత్తక్క నాకంటె పెద్దది, ఒంటరిది, ఆ పొయ్యే ఆమెకు ఆధారం. పోయిన నెల ఆఫీసు గుమస్తా బాబు వచ్చి ఫారం నింపిండు. వంట పని రోజుకు నాలుగు గంటలు, వారానికి ఇరవై ఎనిమిది, దీనికి ఒక్క మనిషి చాలు అని రాసిండు. ముత్తక్కను రేపట్నుంచి రావద్దన్నడు. కింద నన్ను సంతకం పెట్టమన్నడు. నేను రెండో తరగతి దాకనే చదివిన, అదీ తెలంగాణ దిక్కు చర్లల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి. అయితేంది, నాలుగు అంకె నాకు తెలుసు.

"నాలుగు గంటలేంది బాబూ?" అన్న.

"అన్నం ఉడికేటప్పుడు ఊరికే కూర్చుంటవు కదా బాయీ. అదంతా తీసేసిన."

"నువ్వు తీసేస్తే ఉడుకుతదా అన్నం?"

"నెలాఖరు లోపల సంతకం చెయ్యి. లేకుంటే నీ పేరు కూడా కొట్టేస్త," అని ఫారం నా చేతిల పెట్టి మోటర్ సైకిల్ ఎక్కిండు.

ఆ నాడే అనుకున్న, లెక్క నేనే తీస్త అని. మా హాస్టల్ వరండాల ఒక రైలు పట్టా ముక్క వేలాడేసి ఉంటది. చౌకీదార్ తాత గంట గంటకు దాన్ని కొడతడు. ఆ గంట వినబడ్డప్పుడు నా చెయ్యి పనిల ఉంటే ఒక చింతగింజ డబ్బాల వేసిన. లేకుంటే వెయ్యలేదు, దేవుని సాక్షి. పొద్దుగాల నాలుగున్నరకు పొయ్యి ముట్టిస్త. ఐదు నుంచి పన్నెండు దాక తాత ఎనిమిది మార్లు కొడతడు. పన్నెండున్నరకు ఇంటికి పోయి నా కోళ్లను, నా కుండను చూసుకొని మళ్ల మూడున్నరకు వస్త. నాలుగు నుంచి ఎనిమిది దాక ఐదు మార్లు, ఎనిమిదిన్నరకు ఇల్లు. ఒక్కదాన్నే వండుకుంట, ఒక సంత నాడు మొదలుపెట్టి మళ్లొచ్చిన సంత దాక వేసిన. నూట నాలుగు గింజలైనయి. గుడ్డల మూటగట్టిన.

నేను పోతే పొయ్యి ఎవరు ముట్టియ్యాలె? ముత్తక్కనే వచ్చింది. "నిన్ను రావద్దన్నరు కదా, మళ్ల ఏ మొఖంతోని వచ్చినవే?" అన్న. "పిల్లలు నన్నేమన్నా రావద్దన్నరా? నువ్వు పో," అని నా చేతిలోంచి గరిట గుంజుకున్నది.

పొద్దుగాల ఆరున్నరకు బస్సు. ఈ దారిన పోయేటోళ్లకు ఒక మాట, ఆరింటికే వచ్చి ఎడమ పక్కన కూర్చోండి. కుడి పక్కన పది దాక మొఖం మీదనే ఎండ. ఇదివరకు మేం మా జిల్లా ఆఫీసుకు పోవాలంటే చర్ల పోయి, తెలంగాణ అంతా చుట్టి పోయేది. ఇప్పుడు రోడ్డు పడ్డది. పడ్డది అంటే పడ్డకాడ పడ్డది, మిగిలినకాడ బస్సే పడి లేస్తది. టికెట్ నూట యాభై తీసుకున్నరు. సద్దిల చింతపండు తొక్కు, గట్టిగ వండిన అన్నం కట్టుకున్న.

ఏడున్నరకు చెక్‌పోస్టు కాడ ఆపిండ్రు. సంచులన్నీ దించి చూసిండ్రు. నా మూట విప్పి జవాను "ఏంది ఇది?" అన్నడు. "నా డ్యూటీ," అన్న. వాసన చూసి ఇచ్చేసిండు. అరగంట అక్కడనే. నేను డ్రైవర్‌ను అడిగిన, "వారానికి ఎన్ని గంటలు నడుపుతవు బిడ్డా?"

"నడిపేదా, ఆగేదా అమ్మా? ఆగింది మా మాలిక్ లెక్కల రాదు. స్టీరింగ్ తిరిగితేనే డ్యూటీ అంటడు."

"అయితే ఇప్పుడు ఇంటికి పోయి పండుకో."

"బస్సు వదిలిపెట్టి యాడికి పోతనమ్మా?"

"పోలేవు కదా. అయితే అది డ్యూటీనే," అన్న. అతను నవ్విండు. నేను నవ్వలేదు. ఆ మాట మూటల ఇంకో గింజలెక్క దాచుకున్న.

తర్రెం దాటినంక ఒక దొర్ల తెగ ఆమె చింతపండు గంపతోని ఎక్కి నా కాళ్లకాడ కూర్చున్నది. నాకు వాళ్ల మాట సగం వస్తది, ఆమెకు నా మాట సగం వస్తది. వారానికి ఎన్ని గంటల పని అని ఆమెనూ అడిగిన. "ఇప్పపువ్వు కాలంల గంటలేంది అక్కా," అన్నది. "చెట్టు ఎప్పుడు రాలిస్తే అప్పుడే ఏరాలె. కోడి కూయకముందే చెట్టు కింద ఉంటం. పగలు ఆరబెట్టి పశువులను కాస్తం. చెట్టుకు ఆదివారం ఉన్నదా?"

వెనక సీట్ల బచేలీ ఇనుప గని టౌన్‌షిప్ జంట. ఆంధ్రోళ్లు. భద్రాచలం దర్శనం చేసుకొని కొత్త రోడ్డు చూద్దామని ఇట్లొచ్చిండ్రంట. ఆయన ముందుకు వంగి, "మాకు ఎనిమిది గంటల షిఫ్టమ్మా. వారానికి ఆరు రోజులు, నలభై ఎనిమిది. ఏడో రోజు వీక్లీ ఆఫ్. ఆ రోజు రమ్మంటే డబల్ ఇవ్వాల్సిందే," అన్నడు.

పక్కనున్న ఆయన భార్య మూతి తిప్పింది. "ఈయనకి ఒక్క షిఫ్టండి. పగలైతే పగలు, రాత్రైతే రాత్రి, లేచి క్యారేజీ కట్టేది నేను. మూడు షిఫ్టులూ నావే. నా వీక్లీ ఆఫ్ ఏ గనిలో పడిపోయిందో ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నాను."

బస్సంతా నవ్విండ్రు. ఆయన కూడా నవ్వి, "మరి నీకెన్నమ్మా?" అని నన్నడిగిండు.

"వారానికి నూట నాలుగు," అన్న, కొంచెం గర్వంగనే. ఆయన వేళ్ల మీద ఏదో లెక్కబెట్టుకున్నడు. నా మొఖం చూసి ఊరుకున్నడు. ఎందుకో నాకప్పుడు తెల్వలేదు.

బాసగూడ, ఆవుపల్లి దాటి పదకొండింటికి బీజాపూర్ దిగిన. బస్టాండ్ ముంగట పోహా, అదే అటుకుల ఉప్మా, చాయ్ మంచిగుంటయి. సద్ది సగం దాచుకొని అదే తిన్న. ఆఫీసుకు నడిచే పోవచ్చు, పావుగంట.

ఫారం రాసిన బాబు అక్కడనే ఉన్నడు. "సంతకం చేసినవా?" అన్నడు. "పెద్ద సాహెబ్‌కు చూపిచ్చి చేస్త," అన్న. గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టిండ్రు. లోపలికి పిలిచినంక టేబుల్ మీద మూట విప్పిన. గింజలు ఫైళ్ల మీదికి దొర్లినయి. గంట కొట్టింది, గింజ వేసింది, రోజుకు పదమూడు, వారానికి నూట నాలుగు, అంతా నాకొచ్చిన హిందీల చెప్పిన.

బాబు పది పది కుప్పలు పోసి లెక్కబెట్టిండు. ఉన్నట్టుండి వాని మొఖం వెలిగింది. "రోజుకు పదమూడు అన్నది సార్. పదమూడు ఏడులు తొంభై ఒకటి. ఇక్కడ నూట నాలుగున్నయి. అంతా అబద్ధం!"

గని ఆయన వేళ్లు అప్పుడు యాదికొచ్చినయి. మా దిక్కు వారమంటే సంత నుంచి సంత. ఈ సంతా లెక్కనే, ఆ సంతా లెక్కనే. మా అవ్వ కూడా ఎనిమిది రోజులనే అనేది. వీళ్ల వారంల ఏడే ఉన్నయి.

"తప్పు నాదే," అన్న. పదమూడు గింజలు ఏరి నా కొంగుల వేసుకున్న. "ఎనిమిదో రోజు తీసేసిన. మిగిలిన ఏడు రోజులు చెప్పండి. గనిల పని చేసేటాయనకు ఆరు రోజులు, నలభై ఎనిమిది గంటలు. నా తొంభై ఒకటి ఆయనసొంటోళ్లు ఇద్దరి పనికి ఐదు గంటలు తక్కువ. ఒక్క మనిషి చాలని ఎట్ల రాసిండ్రు?"

బాబు, "అన్నం ఉడికేటప్పుడు కూర్చునే ఉంటది సార్," అన్నడు.

"పొయ్యి వదిలిపెట్టి ఇంటికి పోవచ్చునా నేను?" అన్న. "యాభై మంది పిల్లలు చుట్టూ తిరుగుతుంటే? సాహెబ్, మీరు కూడా ఫైలు వచ్చేదాక కుర్చీల కూర్చుంటరు. అది కొట్టేస్తరా?"

బాబు నోరు తెరిచిండు. సాహెబ్ చెయ్యెత్తి ఆపిండు. ఒక గింజను తీసి వేళ్ల మధ్య తిప్పి చూసిండు. "నేనొచ్చి చూస్త," అన్నడు.

"నాలుగున్నరకు రండి. పది గంటలకు వస్తే నాలుగు గంటల పనే కనబడతది."

సాహెబ్ ఫారం మీద ఇరవై ఎనిమిది కొట్టేసి తొంభై ఒకటి రాసిండు. తనిఖీ అయ్యేదాక ఇద్దరూ పని చెయ్యాలె అని కింద రాయించి చదివి వినిపిచ్చిండు. అప్పుడు సంతకం పెట్టిన, తెలుగులనే, పెద్దగ. "మరి సెలవు?" అన్న. "అది నా చేతిల లేదు బాయీ," అన్నడు. "మీ చేతిల లేకుంటే నా చేతిల పెట్టుకుంట," అని లేచిన. తొంభై ఒక గింజలు ఆ టేబుల్ మీదనే ఉంచి వచ్చిన.

రెండు గంటలకు తిరుగు బస్సు, పొద్దున్న డ్రైవరే. "ఏమైందమ్మా?" అన్నడు. చెప్పిన. చెక్‌పోస్టు కాడ మళ్ల ఆపిండ్రు. ఈసారి అతను వాచీ చూసుకొని, టికెట్ల పుస్తకం వెనక అట్ట మీద పెన్నుతోని గీత గీసిండు. "అరగంట," అన్నడు నా దిక్కు చూసి. మిగిలిన సద్ది అక్కడనే ఇద్దరం తిన్నం. పోయే దారిల, వచ్చే దారిల నేను చూసింది ఇదే. బస్సు ఆగుతది, ఎసరు మరుగుతది, పువ్వు రాలాలె, మనం కాపలా ఉంటం. ఆ గంటలనే ముందుగాల కొట్టేస్తరు. కొట్టేసినోళ్లు ఎవరూ మన బదులు వచ్చి కాపలా ఉండరు.

ఆరున్నరకు దిగి సీదా హాస్టల్‌కే పోయిన. ముత్తక్క పప్పు తిప్పుతున్నది. తల ఎత్తకుంటనే, "రేపు రావాల్నా, వద్దా?" అన్నది.

"రావాలె. నాలుగున్నరకు. సంత నాడు మటుకు నువ్వొక్కదానివే ముట్టియ్యి, నేను రాను. మర్నాడు నేను ముట్టిస్త, నువ్వు రావద్దు."

"సెలవిచ్చిండ్రా?"

"తీసుకున్న."

కొంగు విప్పి పదమూడు గింజలు పొయ్యి అంచున నిప్పుల్ల పోసిన. చిటపటమని పేలినయి. పొట్టు తీసి చెరి ఆరు పంచిన, మిగిలిన ఒకటి ముత్తక్క నోట్ల వేసిన. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది. వరండాల తాత ఏడు గంటలు కొట్టిండు. ఇద్దరం నములుతనే ఉన్నం.