లోపలివైపు బిగించిన స్క్రూలు

2001 వేసవిలో నన్ను రాజమండ్రి మెయిన్ వర్క్‌షాపు నుంచి రావులపాలెం బ్రాంచికి బదిలీ చేశారు. హోదా జూనియర్ టెక్నీషియన్, విభాగం బాడీ ట్రిమ్. ట్రిమ్ అంటే కారు లోపల ఇనుము కనపడకుండా కప్పే ప్లాస్టిక్ అట్టలు, మెత్తలు వగైరా. ఇంజను విభాగం వాళ్లు మమ్మల్ని దర్జీలనేవారు. నా బదిలీకి కారణం ప్రతిభ కాదు. డాష్‌బోర్డు కింద దూరగలిగేంత సన్నటి మనిషి ఆ బ్రాంచికి కావాల్సి వచ్చాడు. ఆ సన్నటి నడుమే తర్వాత పాడై, నలభై నిండకుండానే నన్ను రిటైర్ చేయించింది. అందుకే జ్ఞాపకాలు రాసుకునే తీరిక నాకు తోటివాళ్లకంటే ముందే దొరికింది.

మా షెడ్డు హైవే పక్కన, అరటి మార్కెట్టుకి ఎదురుగా ఉండేది. ఫోర్‌మన్ సత్తిబాబు గారు. ఆయన కింద ఇద్దరు సీనియర్లు, తర్వాత నేను, నా తర్వాత షెడ్డులో పడుకునే పిల్లి. సత్తిబాబు గారికి ఒకటే నియమం: జాబ్ కార్డు లేనిదే ఎవరూ బండి మీద చెయ్యి వేయకూడదు. బండి నంబరు, కస్టమరు చెప్పిన ఫిర్యాదు, చేయాల్సిన పని ఆ కార్డు మీదకు ఎక్కాకే పానా పెట్టెలోంచి బయటికొచ్చేది. బండి మంటల్లో ఉన్నా ఆయన ముందు కార్డే అడుగుతారని మా నమ్మకం.

మే నెలలో ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే వేళ, జీపులాంటి పెద్ద బండి ఒకటి హారన్ మోగిస్తూనే లోపలికొచ్చింది. దిగినాయన భీమవరం దగ్గర చెరువులున్న రాజుగారు. చేతిలో బండి తాళాలు, ముఖాన చెమట.

"డిక్కీ తెరుచుకోట్లేదండీ. లోపల సీడు ఉంది."

సీడు అంటే రొయ్య పిల్లలు. కాకినాడ వైపు హేచరీలో కొని, ప్లాస్టిక్ సంచుల్లో చెరువుకి తీసుకెళ్తారు. సంచిలో కాసిన్ని నీళ్లు, మిగతా అంతా ఆక్సిజన్, సంచుల మధ్య ఐసు. ఆ ఐసు కరిగేలోగా చెరువు చేరాలి. కిందటి పంట తెల్లమచ్చ తెగులుకి పోయింది. ఈ సీడు కూడా పోతే చెరువు పూడ్చి వరి వేయాలని ఆయన ఇంట్లో తీర్మానమైపోయిందట. దారిలో ఐసు మార్చడానికి ఆగి హ్యాండిల్ లాగితే అది ఊగిందే తప్ప తలుపు కదల్లేదు. పైగా బండి కింద నీళ్లు కారుతున్నాయి. అది కరిగిన ఐసో, పగిలిన సంచో తెలియదు.

సత్తిబాబు గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కార్డు తర్వాత రాద్దాం" అన్నారు. షెడ్డులో రేడియో కట్టేశారు. పిల్లి కూడా లేచి కూర్చుంది.

ఇలాంటప్పుడు పద్ధతి ప్రకారం ముందు ఒకరు తలుపుని లోపలికి అదిమి పట్టుకోవాలి, ఇంకొకరు హ్యాండిల్ లాగాలి. గొళ్లెం మీద బరువు తగ్గితే కొన్నిసార్లు అదే వదులుతుంది. వదల్లేదు. తాళం తిప్పి చూశారు, తాళం బాగానే ఉంది. హ్యాండిల్ ఏ బిగువూ లేకుండా చేతికి వస్తోందంటే, హ్యాండిల్ని గొళ్లేనికి కలిపే సన్నటి రాడ్డు ఊడిందన్నమాట. అది తలుపు లోపల, ట్రిమ్ వెనక ఉంటుంది. అంటే బండి లోపలి నుంచి వెళ్లి ట్రిమ్ విప్పాలి.

వెనక సీటు దాటి చూస్తే దళసరి ప్లైవుడ్ గోడ! ఇంటి ఆడవాళ్లు పేరంటాలకి ఇదే బండిలో వెళ్తారు. పట్టుచీరలకి రొయ్యల వాసన పట్టకుండా రాజుగారు వడ్రంగి చేత అడ్డుగోడ కట్టించారు. పై భాగాన, అద్దంలో వెనక రోడ్డు కనిపించడానికి చిన్న కిటికీ వదిలారు. గోడ గట్టిగా ఉంది, పనితనం బాగుంది. స్క్రూలు ఏవని అడిగాను.

"అటువైపు నుంచి బిగించాడయ్యా. ఇటు కనపడితే బాగోదని నేనే అన్నాను."

అంటే గోడ విప్పాలంటే డిక్కీ తెరవాలి, డిక్కీ తెరవాలంటే గోడ విప్పాలి. ఇంత పకడ్బందీగా బిగించిన బండి నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

"వెనక అద్దం పగలగొట్టేయండి సత్తిబాబు గారూ, నేను చెప్తున్నాగా!" అన్నారు రాజుగారు.

"అద్దానికి ఆనుకునే సంచులున్నాయండి. పెంకులు వాటి మీదే పడతాయి."

"పోనీ ఈ చెక్క కోసేయండి."

"రంపం పన్ను అటు దిగితే మొదటి సంచికే తగులుతుందండి. మీరు కాసేపు ఆ స్టూలు మీద కూర్చోండి."

"కూర్చోడం నా వల్ల కాదండీ! ఏదో ఒకటి చేయండి!"

ఆయన కూర్చోలేదు. కిటికీలోంచి సంచులు లాగుదామంటే ఊది బిగించిన సంచి ఆ కిటికీ కంటే లావు, నొక్కితే పేలుతుంది. సత్తిబాబు గారు కిటికీని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"శీనూ, చొక్కా విప్పు."

"నన్ను నొక్కినా పేలతాను కదండీ?"

"నీలో ఆక్సిజన్ ఎక్కడుందిరా, ఎక్కు."

ముందు ఎదురుగా ఉన్న మార్కెట్టు నుంచి అరటి బోదెల మీద ఒలిచిన దొప్పలు తెప్పించారు. కిటికీలోంచి ఒక్కొక్కటే జారవిడిచి, చేతికందినంత మేర సంచుల మీద పరిచాను. చల్లగా ఉంటాయి, మొనదేలినది ఏదైనా జారిపడితే సంచికి తగలదు. స్క్రూడ్రైవరు, టార్చి, ట్రిమ్ పీకే ప్లాస్టిక్ బద్ద, మూడింటినీ అరటి నారతో నా మణికట్టుకి కట్టారు. జారితే వేలాడాలి గానీ పడకూడదన్నది ఆయన ఆజ్ఞ. నడుము దాకా కిటికీలో దూరాను. సంచుల మీద బరువు వేయకూడదు కాబట్టి సగం మనిషిని గాలిలో ఉన్నాను, మిగతా సగాన్ని సత్తిబాబు గారు కాళ్ల దగ్గర పట్టుకున్నారు.

లోపల ఆవిరి గదిలా ఉంది. టార్చి వేస్తే సంచుల్లో నల్ల చుక్కలు కనిపించాయి. అవి రొయ్య పిల్లల కళ్లు, ఒళ్లంతా అద్దమే. చాలావరకు అడుగున చేరి ఉన్నాయి.

"ఎలా ఉన్నాయయ్యా?" అని బయటి నుంచి రాజుగారు.

"నీరసంగా ఉన్నాయండీ. నన్ను చూసి కూడా ఉండొచ్చు."

ట్రిమ్ పట్టు రెండు రకాలు. చెయ్యి పెట్టుకునే గుంటలో మూత కింద స్క్రూలుంటాయి, చుట్టూ అంచున ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. తలుపు తెరిచి ఉంటే కింది నుంచి మొదలుపెడతాం. ఇక్కడ కింది సగం సంచుల వెనక ఉంది. తలకిందులుగా, పై అంచు నుంచి పీకాలి. మొదటి స్క్రూ వచ్చింది, నోట్లో పెట్టుకున్నాను. రెండోది వేళ్లలోంచి జారి దొప్ప మీద టప్పున పడింది.

నేను సంచి వైపు చెవి పెట్టాను. గాలి పోతున్న చప్పుడేమీ లేదు.

"ఏంట్రా అది?" అన్నారు సత్తిబాబు గారు, కాళ్లు ఇంకా గట్టిగా పట్టుకుని.

నోట్లో స్క్రూ ఉంది కాబట్టి ఏమీ అనలేదు. నా సర్వీసులో నేను జవాబు చెప్పని సందర్భం అదొక్కటే.

క్లిప్పులు ఒక్కొక్కటే వదిలాయి. అట్టని సంచులకి తగలకుండా వంచి పట్టుకుని, దాని వెనక నీళ్లు రాకుండా అతికించిన ప్లాస్టిక్ షీటు ఒలిచి, సందులో చెయ్యి పెట్టాను. రాడ్డు వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే గోరంత క్లిప్పు విరిగింది. ఇంత పెద్ద బండిని, ఇన్ని ప్రాణాలని, ఒక పెద్దమనిషి పరువుని ఇరకాటంలో పెట్టింది అదేనన్నమాట. స్క్రూడ్రైవరు మొనతో గొళ్లెం మీట నొక్కాను. కదల్లేదు.

"తలుపు అదమండి!" అని స్క్రూ ఉమ్మేసి అరిచాను. బయటి నుంచి ఇద్దరు అదిమారు. మళ్లీ నొక్కాను. టక్కుమంది.

తలుపు పైకి లేచింది. వెలుగుతో పాటు అరడజను చేతులు లోపలికొచ్చి సంచులు పడకుండా పట్టుకున్నాయి. మొదట రొయ్యల్ని దించారు. ఒక్కో సంచిని పసిబిడ్డలా రెండు చేతుల మీద నీడలోకి మోశారు. నేను కిటికీలో ఇరుక్కుని వేలాడుతూ ఆ మర్యాదంతా దగ్గర నుంచి చూశాను. ఐసు వచ్చింది. కారుతున్న సంచి ఒకటే దొరికింది. రాజుగారి దగ్గరున్న ఖాళీ సంచిలోకి దాన్ని మార్చి, మా గ్యాస్ వెల్డింగు సిలిండరు నుంచి ఆక్సిజన్ పట్టారు సత్తిబాబు గారు. కాసేపటికి అందులో నల్ల చుక్కలు అడుగు నుంచి లేచాయి. రాజుగారు అప్పుడు స్టూలు మీద కూర్చున్నారు.

"మరి వీణ్ణి?" అని ఎవరో గుర్తు చేశారు. తెరిచిన డిక్కీలోకి ఎక్కి, అటువైపున్న స్క్రూలు విప్పి, గోడతో సహా నన్ను దించారు.

కొత్త క్లిప్పు వేసి, ట్రిమ్ బిగించి పంపాం. మర్నాడు షెడ్డుకి ఫోనొచ్చింది. "ఆయ్, తిరుగుతున్నాయండి" అన్నారట రాజుగారు. ఆ సాయంత్రమే సత్తిబాబు గారు జాబ్ కార్డు పూర్తి చేశారు: టెయిల్‌గేట్ ట్రిమ్ విప్పి, లింకు రాడ్డు క్లిప్పు మార్చడమైనది. రొయ్యల ఊసు లేదు, నా ఊసు అసలే లేదు.

తర్వాత వారం రాజుగారు బండి తెచ్చి, అడ్డుగోడ స్క్రూలు ముందు వైపుకి మార్పించుకున్నారు. ఆ పని నాకే ఇచ్చారు. అప్పటి నుంచి దేన్ని బిగించినా, రేపు దాన్ని విప్పేవాడు ఎటు నిలబడతాడో ముందు చూసుకునేవాణ్ణి. ఎక్కువసార్లు ఆ విప్పేవాణ్ణి నేనే.