టముకు మింగిన మాట

మా ఊళ్ళో చెట్టు నాటాలంటే పిల్లకి సంబంధం చూసినట్టేనండీ. ఏది తెచ్చినా ఒకరికి నచ్చదు.

కుంపిణీవారి దొరతనం పోయి రాణిగారి ఏలుబడి వచ్చి ఏడాదైన కార్తీకం అది. గన్నవరం వైపు నుంచి టముకువాడొచ్చి మా కాలవగట్టు మీద నిలబడ్డాడు. "రాణిగారి ఏలుబడికి ఏడాది నిండిన..." అని ఊపిరి కోసం ఆగేడు. ఆగినవాడు ఊరుకోవచ్చు కదా, టముకు మీద నాలుగు దెబ్బలు వేసేడు. ఆ మోతలోనే ఏదో అని, "...చెట్టు నాటవలెనహో!" అని ముగించేడు. మధ్యలో మాట టముకు మింగేసింది. మాకు వినపడింది మటుకు ఏడాది నిండిన చెట్టు నాటాలని. గుణింతం దాటకుండా వీధిబడి నుంచి పారిపోయినవాణ్ణి, నాకు అనుమానం రాలేదంటే అర్థముంది. బడిలో చివరిదాకా కూర్చున్నవాళ్ళకీ రాలేదు.

మునసబుగారి అరుగు మీద సభ చేరింది. కొబ్బరి అన్నారొకరు. "ఇన్ని కొబ్బరిచెట్ల మధ్య తనదేదో రాణిగారే వచ్చినా పోల్చుకోలేరండీ" అన్నాను. "ఆయ్, నిజమేరా" అన్నారు మునసబుగారు. రావి అంటే దానికి వడుగూ పెళ్ళీ చెయ్యాలన్నారు పురోహితుడుగారు. చింత నాటినవాడు దాని కాయ చూడడట, అందుకని గునపం పట్టేవాడు లేడు. మామిడి అనేసరికి, పుట్టని కాయల కోసం రెండు పేటలవాళ్ళూ కండువాలు బిగించేరు. నాకు మహా సరదాగా ఉంది.

అప్పుడు పురోహితుడుగారు నా వైపు చూసి, "వీడి పెరట్లో పొగడమొక్క ఉంది కదండీ. సరిగ్గా ఏడాదిది" అన్నారు.

రేప్పొద్దున్నే తవ్వుకొద్దామని అందరూ తేల్చేసేరు, నేను ఇంటిదారి పట్టేను.

రాణిగారి రాజ్యం చాటిన వారానికి మాకు ఆడపిల్ల పుట్టింది. మా ఆవిడది జొన్నాడ. ఆడపిల్ల పుడితే పొగడగింజ నాటి, దాని మొదట్లో బొడ్డు పాతడం వాళ్ళింటి ఆచారం. శ్రావణంలో పిల్లకి జ్వరం తగిలి రెండు రోజుల్లో పోయింది. ఏటిగట్టున పాతిపెట్టేం. ఆ నెలలోనే గోదారి ఆ గట్టుని కోసుకుపోయింది. పిల్ల ఉండేదని చెప్పడానికి ఆ మూరెడు మొక్క తప్ప మాకింకేమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ ఏడవలేదు.

"ఏవండీ, ఊరందర్నీ నవ్విస్తారు కదా. రేపు వాళ్ళొస్తే నవ్వించండి. కడుపుబ్బా నవ్వినవాడికి గునపం ఎత్తబుద్ధి కాదు" అంది.

మర్నాడు పొద్దున్నే మునసబుగారూ, మరి కొందరూ వచ్చేరు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"మునసబుగారండీ, ఇది రాణిగారి ఏలుబడి కన్నా వారం చిన్నదండీ. వారం తక్కువ చెట్టు పాతేరని తెలిస్తే మన ఊరి మీదకి ఫిరంగులు తోలుకొస్తారండీ!"

విరగబడి నవ్వేరు. మునసబుగారికి కళ్ళంట నీళ్ళొచ్చేయి. తలుపు చాటునుంచి మా ఆవిడ కూడా ఆశగా చూస్తోంది.

"వారం లెక్కేస్తాడేంట్రా దొర!" అని మునసబుగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని, "కానివ్వండ్రా" అన్నారు.

"పిల్ల బొడ్డుందండీ అక్కడ" అన్నాను. అది కూడా వేళాకోళమే అనుకున్నారు. నా నోటంట వచ్చిందేదైనా నవ్వులాటే వాళ్ళకి. ఇంకా నవ్వుతూనే తవ్వేరు.

కాలవగట్టున పాతి, చుట్టూ తడిక కట్టి, కాపలా పెట్టేరు. మా ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకెళ్తే, "సర్కారు చెట్టమ్మా, తాకకూడదు" అని కాపలావాడు వెనక్కి పంపేసేడు. వాడు మటుకు ఏం చేస్తాడు పాపం.

కొన్నాళ్ళకి తాలూకా కచేరీ నుంచి పడవ మీద అమీనుగారొచ్చేరు. సంగతి విని ఆయనా నవ్వేరు. "ఏడాది నిండిన సందర్భమునకు చెట్టు నాటమన్నామయ్యా. ఏడాది చెట్టని ఎవరు చెప్పేరు? ఈ పిసరు మొక్క రేపు చూడ్డానికొచ్చే దొరగారి కళ్ళకి ఆనుతుందా? ఎత్తుది చూసి పెట్టండి" అన్నారు. ఆ పూటే దాన్ని పీకి, అదే గోతిలో నిలువెత్తు కొబ్బరిమొక్క పెట్టేరు.

సాయంత్రం మునసబుగారు స్వయంగా మా ఇంటికొచ్చేరు. చేతిలో పొగడమొక్క. వేళ్ళకి మన్ను కూడా లేదు, ఆకులు వాలిపోయున్నాయి.

"అక్కర్లేదన్నారమ్మా. మీది మీరే ఉంచుకోండి. మళ్ళీ పాతుకో, బతుకుతుంది" అన్నారు.

"ఆయ్" అంది మా ఆవిడ. రెండు చేతులా అందుకుని, "శ్రమపడొచ్చేరు, మజ్జిగ పుచ్చుకు వెళ్ళండి" అంది.

ఆయన మజ్జిగ తాగి, చల్లగా ఉందన్నారు. పోతూ పోతూ నా భుజం తట్టి, "ఏరా, వారం తక్కువన్నావు చూడూ!" అని తల్చుకుని మళ్ళీ నవ్వేరు. పెద్దవారు నవ్వుతున్నారు కదా అని నేనూ నవ్వేను.

మా ఆవిడ ఆ మొక్కని పాతలేదు. పెరటిగోడకి చేరేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు మొదలు ఊళ్ళో నా మాటలకి ఎవరు నవ్వినా ఆవిడ అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేది. నేను మానలేదు. మానేస్తే ఇంక ఏం మాట్లాడాలో నాకు తెలీదు.