హన్మంతు చెప్పే విమానం టైము

మానవపాడులో ఎస్టీడీ బూతు నడిపే హన్మంతుకు ఒకటే పిచ్చి. ఏ ఊరి పేరు చెవిన పడ్డా అక్కడికి విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పందే అతనికి అన్నం సహించదు. తను మాత్రం విమానం ఎక్కి ఎరగడు. గద్వాల బస్సెక్కితేనే ఎర్రవల్లి చౌరస్తా రాకముందే వాంతులు.

బల్లమీద ఒక ప్లాస్టిక్ గ్లోబు, ముడులేసిన ఎర్రదారం. ఒక్కో ముడికి గంట ప్రయాణమని లెక్క. ఆఫ్రికా దగ్గర సొట్టపడిందని బడివాళ్లు మూలన పడేస్తే ఆ గ్లోబు తెచ్చుకున్నాడు. సొట్టలో దారం దిగబడితే అరగంట కలిపేవాడు.

లక్ష్మీదేవమ్మ బొంబాయిలో కూతురికి ఫోన్ చేయడానికొస్తే నంబరు అడగకముందే అందుకున్నాడు.

"బొంబాయికి గంటన్నరనే అమ్మా!"

"నేను బస్సుల పోత నాయినా."

"పో. కాని తెలుసుకోని పో."

సాంఘికశాస్త్రం చెప్పే సుదర్శన్ సారుకు ఇది చూస్తే ఒళ్లు మండేది. మిగతా ఊళ్లకు దాదాపు సరిపోయే ఆ దారం దుబాయి దగ్గరికొచ్చేసరికి సాగేది మరి.

"దుబాయికి పది గంటలేంది? నాలుగ్గంటలే పడ్తది! ఏం గిట్ల చెప్తవ్?"

"నా దారం గట్లనే చెప్తది సారూ."

రెండువేల మూడు ఎండాకాలంలో స్టీఫెన్ కూలిపనికి దుబాయి బయల్దేరాడు. పొద్దున ఐదింటికి హైదరాబాదులో విమానం. దిగంగానే ఫోన్ చేస్తానన్నాడు. భార్య రజిత ఎనిమిదికే బూతుకొచ్చి బెంచీమీద కూర్చుంది.

హన్మంతు గ్లోబుకు దారం ఆనించాడు. "పది గంటలు బిడ్డా. మూడయితది. జర చాయ్ తాగు."

పదింటికి పేపరు చదవడానికొచ్చిన సుదర్శన్ సారు ఉండబట్టలేకపోయాడు. "విమానం తొమ్మిదింటికే దిగి ఉంటదమ్మా."

రజిత ముఖం పాలిపోయింది. "మరి ఫోనెందుకు చెయ్యలె సారూ? ఏమన్న అయిందా?"

సారు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"సారు చెప్పింది ఖాళీ విమానం టైము," అన్నాడు హన్మంతు తొణక్కుండా. "మీ ఆయన తొక్కు ఎంత కట్టుకపోయిండు?"

"రెండు డబ్బాలన్నా. మామిడికాయది."

"అట్ల చెప్పు! గంత తొక్కేసుకోని విమానం ఎట్ల ఉరుకుతది? అవునా సారూ?"

ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో మొదటిసారి సుదర్శన్ సారు తెలిసి తెలిసి తప్పు చెప్పాడు. "అవునమ్మా. తొక్కుంటే... నిమ్మళంగ పోతది."

"అయితే నేనే ఎక్కువ పెట్టిన," అని రజిత చిన్నగా నవ్వి చాయ్ అందుకుంది.

రెండుంబావుకు ఫోన్ మోగింది. రజిత రిసీవరు రెండు చేతులతో పట్టుకుని ముందుగా అడిగిన మాట, "తొక్కు డబ్బా పగల్లె గద?" తర్వాత ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

ఆమె వెళ్లాక హన్మంతు గోడ క్యాలెండరు తిప్పి వెనక ఏదో రాశాడు. సారు తొంగి చూశాడు. మల్లయ్య: ఎనిమిది. ఇస్రాయేలు: తొమ్మిదిన్నర. స్టీఫెన్: తొమ్మిదింబావు.

"ఇవేంది?"

"విమానమెక్కినకాడికెల్లి ఇంటోళ్లకు గొంతు వినబడేదాంక పట్టిన గంటలు సారూ. విమానం నాలుగ్గంటలేనని నాకూ ఎరికే. దిగినంక లైను, కంపెనీ బండి, ఫోనేడుందో దేవులాడుకునుడు... మొదట్ల నేనూ నాలుగే చెప్పెటోణ్ని. నాలుగు దాటినా ఫోన్ రాకపాయెనని ఇస్రాయేలు భార్య బాలమణి గీ బెంచీమీదనే కండ్లు తిరిగి పడ్డది. అప్పట్నుంచి పదికి తక్కువ చెప్త లేను."

సుదర్శన్ సారుకు సిగ్గేసింది. ఆ సొట్ట గ్లోబు తన బడిలోకంటే ఇక్కడే బాగా పనికొస్తోందనిపించింది.

ఆ వారమే ఆయన ట్రైనింగుకని గద్వాల బయల్దేరాడు. వాకిట్లో భార్య యమున అడిగింది: "చేరినంక ఫోన్ చెయ్యిండ్రి. ఎంతసేపు పడ్తది?"

గంటన్నర అనబోయి, ఆమె కట్టిచ్చిన సంచిలోకి చూశాడు. టిఫిను డబ్బా పక్కన తొక్కు సీసా ఉంది.

"నాలుగ్గంటలు," అన్నాడు సారు.