భాన్సీలో ఆగిపోయాను

మోకాలి లిగమెంటు ఆపరేషన్ తర్వాత ఇవాళ డ్యూటీకి ఫిట్ సర్టిఫికెట్ రాయించుకుందామని మా ఆవిడతో ఆసుపత్రికి వెళ్లాను. రైల్వేలో గూడ్సు పెట్టెలను పట్టాలు మార్పించే షంటింగ్ నా పని. కంకర మీద నడుస్తూనే వాకీటాకీలో మాట్లాడాలి.

ఫిజియోథెరపీ అమ్మాయి వరండాలో నడవమంది. పెళ్లికొడుకులా నడిచాను. "బాగుంది. ఇప్పుడు మీ లైన్లో స్టేషన్ల పేర్లు చెబుతూ నడవండి" అంది.

ఇదీ ఒక పరీక్షేనా అని నవ్వాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. "కిరండూల్, బచేలీ, భాన్సీ..." అనేసరికి మోకాలు కర్రలా బిగుసుకుంది. దాని సంగతి చూసుకునేలోగా తర్వాతి స్టేషన్ మరిచిపోయాను. నోరూ కాలూ ఒకేసారి ఆగిపోయాయి.

"ఏటండీ, భాన్సీలో బండి ఆపేసినారు? సిగ్నల్ లేదేటి?" అంది మా ఆవిడ బెంచీ మీంచి.

ఫిజియో అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఇంకా మీరు మనసు పెట్టి కాలిని నడిపిస్తున్నారు. మనసు వేరే పనిలో ఉన్నా అది నడవాలి. ఫిట్ అప్పుడే" అంది.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా మా ఆవిడ నోరు విప్పలేదు. మా ఇంట్లో ఇది మామూలు విషయం కాదు. ఏమైందో అడుగుదామని రోడ్డు పక్కన ఆగాను. ఆగితేనే కదా నేను అడగగలిగేది.

"కోపమా?"

"కోపమేటి? మాటాడితే పడిపోతారని ఊరుకున్నాను."

ఇలాంటి ఆపరేషన్ అయ్యాక నడుస్తూ మాట్లాడగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ కిటుకేదో కాస్త రాయండి. డ్యూటీ సంగతి తర్వాత. మాట్లాడని మా ఆవిడ పక్కన నడవడం నా వల్ల కావడం లేదు.