మౌస్ పక్కన పెట్టిన రోజులు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రెండో ఏడు వానాకాలంలో నన్ను జడ్చర్ల దగ్గరి ఒక మందుల కర్మాగారంలో సిస్టమ్స్ మేనేజరుగా వేశారు. హోదా పెద్దగా వినిపిస్తుంది గానీ నా కింద ఉన్నది ఇద్దరు ప్రోగ్రామర్లే. గోదాములో ముడిసరుకు నిల్వ, ఆరబెట్టే గదిలో యంత్రాలు నడవాల్సిన గంటలు, డబ్బాల మీద అంటించే లేబుళ్లు, వీటన్నింటికీ ప్రోగ్రాములు రాసి నడిపించడం మా పని. మందు డబ్బా మీద గడువు తేదీ తప్పు పడితే ఆ సరుకు గేటు దాటకూడదు. కాబట్టి మా పని చిన్నదే అయినా అందులో పొరపాటుకు చోటు లేదు.

ఇద్దరు ప్రోగ్రామర్లలో ఒకరు స్వరూప. మక్తల్ వైపు చేనేత కుటుంబం. తండ్రి ఇంకా మగ్గం నేస్తున్నాడు. నేను చేరిన కొన్నాళ్లకే, డ్యూటీకి వస్తుండగా హైవే మీద ఆమె ఎక్కిన ఆటో బోల్తా పడింది. కుడి మణికట్టు విరిగింది. మహబూబ్‌నగర్ దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. చూడటానికి వెళ్తే ఆమె తండ్రి నన్ను వరండాలోకి తీసుకుపోయి ఒక్కటే అడిగాడు.

"సార్, చెయ్యి సంగతి డాక్టర్లు చూసుకుంటరు. మా పిల్ల కొలువు ఉంటదా, పోతదా? గది మీరే చెప్పాలె."

నా చేతిలో ఉన్నంతవరకు ఉంటుందన్నాను. అంతకు మించి చెప్పే అధికారం నాకు లేదు.

సెలవు ముగిసి స్వరూప తిరిగి వచ్చింది. వేళ్లు ఆడుతున్నాయి, టైపు చేయగలదు. కానీ మణికట్టు తిరగదు. మౌస్ పట్టుకుని జరిపితే నొప్పి మోచేతిదాకా పాకేది. ఎడమ చేత్తో మౌస్ వాడి చూసింది గానీ బాణం గుర్తు ఒకచోట నిలిచేది కాదు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు నన్ను పిలిచి, ఆమెను రికార్డు గదికి మారుద్దామనుకుంటున్నామని, ఈలోగా ప్రోగ్రామరు పని చేయగలదో లేదో నా అభిప్రాయం రాసివ్వమని అడిగారు. కొంత గడువు కావాలన్నాను, ఇచ్చారు.

ఆ సాయంత్రం స్వరూప నా గదికి వచ్చింది. మాట నెమ్మదిగానే ఉంది, ముఖం మాత్రం బిగుసుకుని ఉంది.

"సార్, నా మీద జాలితోని జాగా ఉంచిండ్రని అందరు అనుకుంటుండ్రు. గట్లయితే నాకొద్దు. పని చేయనీకి వస్తెనే ఉంట."

జాలి సంగతి తర్వాత, ముందు మౌస్ తీసేసి చూద్దామన్నాను. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో కంప్యూటర్లకు మౌసే లేదు, అయినా పని ఆగలేదు. మర్నాడు ఆమె మౌస్‌తో పాటు నా మౌస్ కూడా తీసి సొరుగులో పెట్టాను. ఏది సాధ్యమో, ఎక్కడ చిక్కుతుందో నేను చేసి చూడకుండా ఆమెకు ఎలా చెప్తాను? మొదటి వారం నా పని ఎద్దుబండిలా సాగింది. రెండో ప్రోగ్రామరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లి వచ్చేవాడు.

కోడ్ ఎడిటర్ అంటే ప్రోగ్రామరు కోడ్ రాసే, దిద్దే సాధనం. మీటలు ఎడిటర్‌ను బట్టి కొంత మారతాయి. మా దాంట్లో కంట్రోల్, పి కలిపి నొక్కి పేరులో రెండు ముక్కలు కొడితే కావలసిన ఫైలు తెరుచుకునేది. కంట్రోల్, జి నొక్కి అంకె వేస్తే ఆ వరుసకు పోవచ్చు. ప్రోగ్రాములో ఒక్కో పని చేసే ముక్కను ఫంక్షన్ అంటారు. దాని పేరు మీద ఎఫ్12 నొక్కితే దాన్ని ఎక్కడ రాశారో అక్కడికి తీసుకుపోతుంది. ఆల్ట్‌తో ఎడమ బాణం నొక్కితే బయల్దేరిన చోటికి తెస్తుంది. ఆల్ట్‌తో పైబాణమో కిందిబాణమో నొక్కితే వరుస మొత్తం పైకో కిందికో జరుగుతుంది. రెండు మూడు మీటలు కలిపి పట్టడం స్వరూపకు మొదట్లో కష్టమైంది. షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే ఒక సదుపాయం మొదలవుతుంది. ఆ తర్వాత మీటలను కలిపి పట్టనక్కర్లేదు, ఒకదాని వెంట ఒకటి నొక్కితే చాలు. అది తెలిశాక ఆమె నన్ను దాటిపోయింది. దసరా వచ్చేసరికి ఆమె తెరలు మారుస్తుంటే నా కళ్లు అందుకోలేకపోయేవి.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. కొత్తగా తయారుచేసిన ఒక మందుకు గడువు పద్దెనిమిది నెలలు. లేబుల్ మీద మాత్రం ఇరవై నాలుగు నెలల లెక్కన తేదీ పడింది. ప్యాకింగ్ దగ్గర తనిఖీలో పట్టుకుని లైను ఆపేశారు. మా ప్రోగ్రాము మాకంటే ముందటివాళ్లు రాసింది. అప్పట్లో అన్ని మందుల గడువూ రెండేళ్లే కాబట్టి ఇరవై నాలుగు అనే అంకెను కోడ్‌లో నేరుగా వేసేశారు. రెండో ప్రోగ్రామరు పెళ్లి సెలవులో ఉన్నాడు. సాయంత్రం లారీ కదలాలి. ప్రొడక్షన్ మేనేజరు స్వయంగా వచ్చి స్వరూప కుర్చీ వెనక నిలబడ్డారు.

ఆమె కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ నొక్కి ప్రోగ్రాము మొత్తంలో ఇరవై నాలుగు ఎక్కడెక్కడ ఉందో వెతికింది. తెర నిండా వచ్చాయి. మొదటి ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టింది. మేనేజరుగారికి ఓపిక తగ్గింది.

"ఇరవై నాలుగు తీసి పద్దెనిమిది పెట్టనీకి ఇంతసేపా అమ్మా? అన్నీ ఒక్కపారే మార్చే మీట ఉంటదట గద. గది కొట్టు."

ఆ మీట ఉన్న మాట నిజమే. ఆ సమయంలో నేను జోక్యం చేసుకోవచ్చు. అయితే కుర్చీలో ఉన్నది ఆమె. జవాబు ఆమే ఇవ్వాలని ఊరుకున్నాను. ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"ఉంది సార్. కానీ గీడున్న ఇరవై నాలుగు నెలలు కాదు, గంటలు. ఇది మారిస్తే ఆరబెట్టే గదిల రోజుకు పద్దెనిమిది గంటలే లెక్కకొస్తయ్. మందు పచ్చిగనే బయటికొస్తది."

మేనేజరుగారు వంగి ఆ వరుస చదివారు. తర్వాత ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మరి తొందరపెట్టలేదు.

ఆమె ఒక్కో ఫైలు తెరిచి కంట్రోల్, డి వాడింది. ఒక్కోసారి నొక్కితే అదే అంకె ఉన్న తర్వాతి చోటు ఎంపికలోకి చేరుతుంది. గంటల లెక్క వచ్చినచోట దాన్ని దాటించే మీటలు నొక్కి ముందుకు పోయింది. నెలల లెక్కలన్నీ ఎంపికయ్యాక, పద్దెనిమిది అని వేయలేదు. ఏ మందు గడువు ఎంతో ఆ మందు వివరాల్లోంచే తీసుకునేలా ఒక్క మాట టైపు చేసింది. ఎంపికైన చోట్లన్నింటిలో ఒకేసారి ఆ మాట పడింది. అంకె మార్చి ఊరుకుంటే కొత్త మందు లేబుల్ సరిగ్గా వచ్చేది, పాతవాటివి తప్పేవి.

మా రంగంలో మార్పు చేయగానే పని అయిపోదు. ఆ తర్వాత జరగాల్సినదాన్ని చేంజ్ కంట్రోల్ అంటారు: ఏం మార్చామో, ఎందుకు మార్చామో రాయాలి, నకలు వ్యవస్థ మీద నడిపి చూడాలి, క్వాలిటీ విభాగం ఒప్పుకోవాలి. కొత్త మందుకూ పాత మందులకూ లేబుళ్లు వేసి చూశారు, ఆరబెట్టే గంటలను పాత లెక్కలతో పోల్చారు. అన్నీ సరిపోయాయి. లారీ మాత్రం ఆ సాయంత్రం పోలేదు, మర్నాడు పొద్దున పోయింది. దానికి ప్రొడక్షన్ మేనేజరు పైవాళ్లతో మాటలు పడ్డారు.

స్వరూప ప్రోగ్రామరు పనులన్నీ చేయగలదని, మౌస్ అవసరం లేదని నా అభిప్రాయం రాసిచ్చాను. ఇది సానుభూతితో రాసింది కాదు కదా అని పర్సనెల్ ఆఫీసరు అడిగారు. నన్ను కాదు, ప్రొడక్షన్ మేనేజరును అడగమన్నాను. ఆయన ఫోనులో ఇచ్చిన జవాబు నాకూ వినిపించింది.

"ఆ పిల్లను ఆడికెల్లి తియ్యకుండ్రి."

రికార్డు గది ప్రస్తావన మళ్లీ రాలేదు. స్వరూప ఆ విషయం విని తలూపి, ఇంటికి ఫోను చేయడానికి కారిడార్‌లోకి వెళ్లింది. కొన్నేళ్లకు నేను రిటైరైనప్పుడు విభాగం బాధ్యత ఆమెకే ఇచ్చారు.

ఆ లేబుళ్ల గొడవ తర్వాత, నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కొత్తగా చేరినవాళ్లకు ఈ షార్ట్‌కట్ మీటలు నేర్పే వరస మార్చుకున్నాను. ముందు వెతికే మీటలు, తర్వాత వెళ్లి తిరిగి వచ్చే మీటలు, ఆపైన ఒక్కొక్కటిగా ఎంచుకునేవి. అన్నింటినీ ఒక్కసారే మార్చే మీట ఆఖరున. వేగం ఎవరికైనా కొన్ని వారాల్లో వస్తుంది. ఆ వేగంతో మిగిలిన సమయాన్ని, మార్చబోయే వరుసను ఒకసారి చదవడానికి ఖర్చుపెట్టినవాళ్లే ఈ పనిలో నిలబడ్డారు.