ల్యూకో అంటే తెలుపు

నిన్న నారాయణగూడ మార్కెట్‌లో తుమ్మికూర కట్ట కొని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ ఘాటుకు నాకు మొదట గుర్తొచ్చేది దాన్ని వండుకునే వినాయక చవితి కాదు, యాదగిరి సార్. చిక్కడపల్లిలో ఒక మేడమీది గదిలో, ఎంట్రన్సుకు చదివే మాకు ఆయన బోటనీ చెప్పేవారు. ఎంత పొడుగు పేరైనా బట్టీ పట్టనిచ్చేవారు కాదు. బోర్డు మీద రాసి, మధ్యలో సుద్దముక్కతో నిలువు గీత గీసేవారు. "గ్రీకోళ్లు అతికిచ్చిండ్రు, మనం ఇడగొడదాం" అనేవారు. మొక్కలకూ రోగాలకూ పేర్లు ఒకే సంచీలోంచి తీశారని ఆయన దగ్గరే తెలిసింది.

ఆ ఏడు నా కుడి మణికట్టు మీద తెల్లమచ్చ లేచింది. కోఠిలో చర్మం డాక్టరు చీటీ మీద ల్యూకోడెర్మా అని రాశాడు. అదేమిటని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ల్యూకోతో మొదలయ్యే రోగం నాకు తెలిసింది ఒకటే, ల్యూకేమియా. ఇక బతకనని తేల్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. పరీక్ష ఎందుకని క్లాసు మానేసి, నాలుగో రోజు సార్ పుస్తకం తిరిగి ఇచ్చేయడానికి వెళ్లాను.

"ఏందమ్మా, నాలుగు దినాల సంది గాయబ్?"

చీటీ చూపించి, "బ్లడ్ క్యాన్సర్ సార్" అన్నాను.

ఆయన చదివారు. సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "రాయి. గీత గియ్యి." గీశాను. "డెర్మా అంటే?"

"చర్మం సార్. ఆకు పైపొరకు ఎపిడెర్మిస్ అని చెప్పారు కదా."

"ల్యూకో అంటే తెలుపు. ల్యూకేమియాల ఎనక ఉన్న ఏమియా నెత్తురు. నీ చీటీల నెత్తురు యాడున్నదో జర చూపియ్యి! సగం మాటకే సావుకు తయారైనవు, పూరా మాట సదవవా?"

ఏడుస్తూనే నవ్వాను. మర్నాటి నుంచి క్లాసుకు వెళ్లాను, పరీక్షా రాశాను.

కానీ మచ్చ చూసిన మా ఇంటి ఓనరమ్మ, "పోయిన జన్మల పాపం, పిల్లను బిందె ముట్టనియ్యకుండ్రి" అని మా అమ్మతో అన్నది. ఆ మాట సార్‌తో చెప్పుకున్నాను. చవితినాడు సార్ తెల్లటి పూలున్న తుమ్మి మొక్క పట్టుకొని అశోక్‌నగర్‌లోని మా వాకిట్లో నిలబడి ఓనరమ్మను పిలిచారు.

"అమ్మా, దీని శాస్త్రం పేరు ల్యూకాస్. ఈ పిల్ల రోగం పేరుల ఉన్న తెలుపే ఇందుల ఉన్నది. మరి ఇదేం పాపం జేసిందని పండుగనాడు వండుకుంటున్రు?"

"మీతోని వాదన నాతోని గాదు సారూ!" అని ఆమె లోపలికి పోయింది. ఒప్పుకుందో, తప్పించుకుందో తెలియదు. మధ్యాహ్నం తుమ్మికూర గిన్నె మాత్రం నా చేతికే ఇచ్చింది.

మచ్చ ఇప్పుడు మోచేయి దాటింది. ఎవరైనా భయపెట్టే పెద్ద మాట విసిరితే, మనసులో దాని మధ్య గీత గీసి, లోపల ఏముందో చూస్తాను. చాలా మాటల్లో ఏమీ ఉండదు.

నిన్న కూరమ్మే ఆమె నా చేయి చూసి, "గదేందక్కా, కాలిందా?" అని అడిగింది.

"లేదమ్మా, నీ తుమ్మిపువ్వు రంగే" అన్నాను.

ఆమె కట్టలోంచి ఒక పువ్వు తుంచి నా మణికట్టు మీద పెట్టి చూసింది. "అవునక్కా, గదే తెలుపు!" అని నవ్వి, ఇంకో రెండు రెమ్మలు వేసింది.