చెల్లెలి స్కీలకు ఆయం కట్టిన రోజు

మొన్న ఆదివారం మిన్నీ బేలోని మా ఇంటికి అన్నయ్య కొడుకు వచ్చాడు. సెలవుల్లో స్నేహితులతో కలిసి హిమాలయాలకు వెళ్తున్నాడట, మంచు మీద జారడానికి సొంతానికి కొత్త కార్వింగ్ స్కీలు కొనుక్కుంటాడట, ఒకప్పుడు ఆ సంగతులు కాస్త తెలిసినవాణ్ణి కదా అని సలహా కోసం వచ్చాడు. ఫోనులో రెండు జతలు చూపించాడు. నీ బరువెంత, ఎలాంటి వాలు మీద జారతావు, మలుపులు చిన్నవి కావాలా పెద్దవి కావాలా అని నేను అడుగుతుండగానే, అవన్నీ తర్వాత బాబాయ్, ఏ పొడవు ఆయానికి కుదురుతుందో మా వాస్తు గ్రూపులో కనుక్కున్నాను, నువ్వూ సరేనంటే కొనేస్తాను అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు! వాణ్ణి నేను ఏమన్నానో ఇక్కడ రాయను. కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. పాపం, నాలో పాతికేళ్లుగా రగులుతున్న కోపానికి వాడు అడ్డం వచ్చాడు.

ఆయం అంటే ఏమిటో మన వయసువాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, చిన్నవాళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం చెబుతాను. ఇల్లు కానీ గుమ్మం కానీ పడవ కానీ, దాని కొలత తీసుకుని, తొమ్మిదితో గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషం ఒకటైతే ధ్వజమనీ మూడైతే సింహమనీ మురిసిపోవడం, నాలుగైతే కుక్క, ఏమీ మిగలకపోతే కాకి అని వణికిపోవడం, ఇంతే ఆ మహాశాస్త్రం. మా తాతలు శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకు వలలతో పాటు దీన్నీ మోసుకొచ్చారు. జంగ్లీఘాట్‌లో పడవలు కట్టే మా మేనమామ ఆయం చూడనిదే దుంగ మీద బాడిస వేసేవాడు కాదు. నేను అప్పుడు కుర్ర బడిపంతుల్ని. ఆదివారం వచ్చిందంటే ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్లి, అక్కడి చిన్న గ్రంథాలయంలో బెంచీల మీద కూర్చున్న ముప్పై మందికి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం దంచేవాణ్ణి. ఎనిమిదితో భాగించేటప్పుడు ముందుగా తొమ్మిదితో గుణించినా గుణించకపోయినా శేషం అదే వస్తుంది, ఆ గుణకారం మిమ్మల్ని బెదిరించడానికి తప్ప దేనికీ పనికిరాదు అని నల్లబల్ల మీద చేసి చూపిస్తే చప్పట్లు మోగేవి. ఆ చప్పట్లు నాకు చాలా ఇష్టంగా ఉండేవి.

మా చెల్లెలు అలా కాదు, తక్కువ మాట్లాడేది, ఎక్కువ చేసేది. నాన్న డింగీ పడవ మీద చిన్నప్పటి నుంచి వెనక కొసన నిలబడే వెళ్లిన పిల్ల కనుక, కాలేజీ వాళ్లు ఒకసారి మంచుకొండల శిబిరానికి తీసుకెళ్తే, మొదటి రోజునే పడకుండా జారి అందరినీ నోరెళ్లబెట్టించింది. ఆ తర్వాత రెండు శీతాకాలాలు వెళ్లి నేర్చుకుంది. మూడోసారి శిక్షకుల పరీక్ష. అది గెలిస్తే అక్కడే ఉద్యోగం. వయసు పరిమితి వల్ల ఆమెకు అదే ఆఖరి అవకాశం. అద్దె స్కీలతో పరీక్షకు రానివ్వరు, సొంత జత ఉండాలన్నారు.

ఆమెకు నేర్పిన పహాడీ ఉస్తాద్ ఒక కాగితం పంపాడు. అందులో ఒకే రకం స్కీలు రెండు పొడవుల్లో ఉన్నాయి, నూట యాభై రెండు సెంటీమీటర్లు, నూట అరవై మూడు. చిన్నదాని పక్కన ఆయన టిక్కు పెట్టాడు. దాన్ని నిలబెడితే చెల్లెలి ముక్కు దాకా వస్తుంది, పెద్దదైతే నుదురు దాటుతుంది. పాతకాలపు స్కీలు తిన్నటి బద్దలు, ఎంత పొడవైతే అంత గొప్ప. ఈ కార్వింగ్ రకానికి కొసలు వెడల్పు, నడుము సన్నం. యంత్రంతో దువ్వి చదును చేసిన గట్టి మంచు మీద దాన్ని పక్కకు ఒరిగిస్తే, అంచు కోసుకుంటూ తనంతట తనే మలుపు తిరుగుతుంది. పొట్టిదైతే చిన్న మలుపు, పొడుగుదైతే పెద్ద మలుపు.

ఇంత ముచ్చటైన వస్తువును చూసి మామయ్య ఊరుకుంటాడా? కాగితంలోని కొలతలతో పల్చటి పడౌక్ చెక్కను చిన్నదాని ఆకారంలో చెక్కేశాడు. ఒడ్డున తడి ఇసుక మీద దాన్ని పక్కవాటుగా ఒరిగించి, నడుము మీద అరికాలు వేసి నొక్కాడు. చెక్క వంగింది. ఇసుకలో చక్కటి వంపు గీత పడింది. ఎన్నడూ మంచు చూడని మనిషి, ముసలి వయసులో పసివాడిలా గెంతాడు.

"సూసినావేటే పిల్లా! దీనికి సుక్కాని అక్కర్లేదు, ఒంచితే అదే తిరుగుతాది. బఢియా సామాను!"

నేను ఇప్పటికీ ఆ మనిషిని పూర్తిగా ద్వేషించలేకపోవడానికి ఆ ఒక్క నిమిషమే కారణం. కళ్లు చూశాయి, కాలు తెలుసుకుంది, ప్రయోగం అందరి ముందూ జరిగింది, ఫలితం ఇసుక మీద ఉంది. ఆ వెంటనే ఆయన సుద్దముక్క తీసి, పక్కనున్న పడవ మీద లెక్క వేశాడు. నూట యాభై రెండుకు శేషం సున్న, కాకాయం. నూట అరవై మూడుకు మూడు మిగిలింది, సింహాయం. సెంటీమీటరు మన పూర్వీకులెవరూ ఎరగని కొలత, దానికి కాకులూ సింహాలూ ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఇది నై చల్తా, పెద్దదే తెప్పించండి అన్నాడు మామయ్య. చెల్లెలు నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు అన్నయ్యా."

నేను నోరు విప్పబోయాను. వల బాగుచేస్తున్న నాన్న తలెత్తకుండానే అన్నాడు.

"నీ లెక్చర్లు బాంబూఫ్లాట్‌లో చెప్పుకో నాయనా, ఆడైతే తాలీలు కొడతారు. పిల్ల కొండలమీదకి ఎల్తంది, దానికేటైనా అయితే జిమ్మేదారీ నీదేనా?"

పూచీ ఎవరిదన్న ఆ ఒక్క ప్రశ్నకు నా ఉపన్యాసాలన్నీ చచ్చిపోయాయి. పదకొండు సెంటీమీటర్లే కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని, ఆర్డరు కాగితం మీద నూట యాభై రెండు కొట్టేసి, నూట అరవై మూడు రాశాను. ఆ రాత ఎవరిదో కాదు, నాదే.

ఓడలో కలకత్తాకు, అక్కడి నుంచి రైల్లో, బస్సులో ఆమెను నేనే తీసుకెళ్లాను. కొత్త జత నేరుగా శిబిరానికే వచ్చి ఉంది. పరీక్ష రోజు ఉదయం వాలంతా దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీతలుగా మెరుస్తోంది. పెద్ద మలుపులు ఆమె బ్రహ్మాండంగా తిప్పింది, నేను కింద నిలబడి మామయ్య సింహాన్ని దాదాపు నమ్మేశాను కూడా. తర్వాత దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య నుంచి చిన్న మలుపులు. ఆ పొడుగు బద్దలు ఆమె మాట వినలేదు. ఒరిగించినప్పుడల్లా దూరంగా తీసుకుపోయాయి, బలవంతాన తిప్పబోతే మడమల వెనక జారిపోయాయి. మూడు కర్రలు తప్పిపోయాయి, పరీక్ష పోయింది. ఉస్తాద్ నా దగ్గరకు వచ్చి, భాయీసాబ్, నేను టిక్కు పెట్టింది ఇది కాదే, ఎవరు మార్చారు అని హిందీలో అడిగాడు. ఇంటివాళ్లు అన్నాను. నేనే అని అనలేదు.

ఇంటికొచ్చాక మామయ్య ఏమాత్రం తొణకలేదు. సింహాయం కాబట్టే కాలు విరక్కుండా పిల్ల క్షేమంగా తిరిగొచ్చిందనీ, ఉద్యోగం పోవడం జాతకమనీ తేల్చేశాడు. గెలిస్తే ఆయం గొప్ప, ఓడితే ఇంకా పెద్ద గండం తప్పించిన ఆయం గొప్ప! ఓటమే లేని ఇలాంటి శాస్త్రం పెట్టుకుని మన జాతి ఎన్ని తరాల ఆడపిల్లల కాళ్లు కట్టేసిందో. చెల్లెలు ఆ మాట నమ్మింది. ఆ స్కీలు ఎవరికో ఇచ్చేసి, జెట్టీ ఆఫీసులో గుమాస్తాగా చేరింది.

ఈ గొడవంతా కాగితం మీద పెట్టి, అచ్చుకు పంపే ముందు ఆమెకు చదవడానికిచ్చాను. సాయంత్రం వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

"ఆ లెక్కలో తొమ్మిది అక్కర్లేదన్న సంగతి నీకు అప్పుడే తెలుసా?"

తెలుసన్నాను.

"బాంబూఫ్లాట్‌లో అందరికీ చెప్పావు కదా. మరి నేను అడిగినప్పుడు నాకు చెప్పలేదేం అన్నయ్యా?"

ఇప్పుడు జంగ్లీఘాట్‌లో చెక్క పడవ కట్టేవాడు లేడు, అన్నీ అచ్చులో పోసిన ఫైబరువే. నాన్న లేడు, మామయ్య లేడు. నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఎవరినైనా కసురుతాను, ఎవరితోనైనా వాదిస్తాను, అందరూ భయపడి వింటారు. ఇంత ధైర్యం నాకు ఎదురుగా మనుషులు ఖాళీ అయ్యాక వచ్చింది. చెల్లెలు కాగితాలు సర్ది నా చేతికిచ్చి, అచ్చుకు పంపు, అక్షరం కూడా మార్చకు అని వెళ్లిపోయింది. మార్చలేదు. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం చివర చేర్చాను. జవాబు ఇంకా రాయలేదు.